మన పేరు, మన వేలిముద్ర, కంప్యూటరు లెక్క

(పట్టణ షాదీఖానాలో తల్లిదండ్రుల కోసం, యువతీయువకుల కోసం ఏర్పాటైన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి మాట్లాడుకుంటాము. ఈ రోజు నిర్వాహకులు నన్ను కంప్యూటరు గురించి చెప్పమన్నారు. విషయం మారిపోయిందని దయచేసి అనుకోవద్దు. బీసీ-ఇ ధ్రువపత్రమైనా, పిల్లవాడి ఫీజు రీయింబర్స్‌మెంటైనా, రేషన్ బియ్యమైనా, ఓటరు జాబితాలో పేరైనా ఇప్పుడు కంప్యూటరు గుండానే మన దగ్గరకు వస్తున్నది. రాకుండా ఆగిపోతే, చాలాసార్లు అక్కడే ఆగిపోతున్నది. ఆ యంత్రం మన పేరును లోపల ఏమని రాసుకుంటుందో, ఎలా పోల్చి చూస్తుందో తెలియకపోతే, ఎందుకు ఆగిపోయిందని అడగడానికి కూడా మనకు మాట దొరకదు.

నేను ఇంజనీరును కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాడిని. చేతిరాత రిజిస్టర్ల కాలంలో ఉద్యోగంలో చేరాను, ఆన్‌లైన్ కాలంలో బయటకు వచ్చాను. ఆ పాత రిజిస్టరులో ‘షేక్ ఖాసిం’ అని రాసి ఉండి, వచ్చిన మనిషి దరఖాస్తులో ‘షేక్ కాశిం’ అని ఉంటే గుమాస్తా తల ఎత్తి చూసేవాడు. తండ్రి పేరేమిటి, ఏ వీధి అని అడిగేవాడు. మనిషి వాడేనని తేల్చుకుని సంతకం తీసుకునేవాడు. గుమాస్తాలందరూ అంత మంచివాళ్లని నేను చెప్పడం లేదు, తిప్పి పంపినవాళ్లూ ఉన్నారు. కాని తల ఎత్తి చూడడానికి అక్కడ ఒక తల ఉండేది.

కంప్యూటరు లోపల అక్షరాలు లేవు. బొమ్మలు లేవు, పాటలు లేవు. ఉన్నవి సంఖ్యలు మాత్రమే. ఆ సంఖ్యలు కూడా మనం వాడే పది అంకెలతో కాక, సున్నా, ఒకటి అనే రెండు అంకెలతోనే రాసి ఉంటాయి. వరుసగా దీపాలు పెట్టారనుకోండి. వెలిగిన దీపం ఒకటి, ఆరిన దీపం సున్నా. ఒక దీపం ఉన్న చోటును బిట్ అంటారు. ఒక దీపంతో రెండు సంగతులు చెప్పవచ్చు, రెండు దీపాలతో నాలుగు, మూడింటితో ఎనిమిది. ఎనిమిది దీపాల వరుసను బైట్ అంటారు, దానితో 256 రకాల సంగతులు చెప్పవచ్చు. మీ పిల్లలు జీబీ, ఎంబీ అని మాట్లాడుకునేవన్నీ ఈ బైట్ల లెక్కలే.

మరి అక్షరం ఎలా నిలుస్తుంది? ఏ అక్షరానికి ఏ సంఖ్య అని ముందే ఒప్పందం చేసుకున్నారు. ఇంగ్లీషు పెద్దబడి ‘ఏ’ అక్షరానికి 65, చిన్నబడి ‘ఏ’కు 97. ‘ఈ’ అక్షరానికి 69. పదాల మధ్య వదిలే ఖాళీకి 32, చుక్కకు 46. ఖాళీ జాగా మన కంటికి ఏమీ కాదు, యంత్రానికి అదీ ఒక సంఖ్యే. తర్వాత ప్రపంచ భాషలన్నిటికీ కలిపి యూనికోడ్ అనే పెద్ద పట్టిక తయారుచేశారు. అందులో మన తెలుగు ‘అ’ సంఖ్య 3077, ‘మ’ సంఖ్య 3118. సెల్‌ఫోనులో మామూలు సందేశానికి ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు సరిపోతాయి కనుక 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు గాని ఉర్దూకు గాని అక్షరానికి పదహారు బిట్లు కావాలి, కనుక 70 మాత్రమే పడతాయి. మన భాషలో రాసిన సందేశం త్వరగా నిండిపోవడానికి కారణం ఇది, భాష మీద ఎవరికో కోపం ఉండి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. షేక్ అనే మన ఇంటిపేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తున్నామో ఈ హాలులోనే చూడవచ్చు. ఎస్-హెచ్-ఏ-ఐ-కే అని కొందరు, ఎస్-హెచ్-ఈ-ఐ-కే అని కొందరు, చివర మరొక హెచ్ కలిపి కొందరు, ‘ఎస్.కె.’ అని రెండక్షరాలతో సరిపెట్టేవారు కొందరు. మొదటి రెండింటి మధ్య తేడా ఒక్క అక్షరం. మనకు రెండూ షేకే. యంత్రానికి ఒకచోట 65 ఉన్నది, మరొకచోట 69 ఉన్నది. రెండూ సమానం కావు. సయ్యద్, ముహమ్మద్, ఫాతిమా, ఖాతూన్ అన్నిటి పరిస్థితీ ఇంతే. ముహమ్మద్‌కు బదులు ‘ఎండి’ అని రాసి చుక్క పెడితే ఒక పేరు, చుక్క లేకపోతే మరొక పేరు. అబ్దుల్ తర్వాత ఖాళీ వదిలి రహీం అని రాస్తే ఒక మనిషి, కలిపి రాస్తే మరొక మనిషి. తేడా అంతా 32 అనే ఆ ఖాళీ సంఖ్యలో ఉన్నది.

ఉర్దూలో రాసుకుంటే ఈ బాధ ఉండదని ఒక మిత్రుడు అన్నాడు. అక్కడా ఉన్నది. ఉర్దూ కీబోర్డు మీద ‘యే’ నొక్కితే 1740, అరబీ కీబోర్డు మీద నొక్కితే 1610. ‘కాఫ్’కు ఉర్దూలో 1705, అరబీలో 1603. రహీం అని రెండు కీబోర్డుల మీద రాసి పక్కపక్కన పెట్టండి, మధ్యలోని ‘యే’ రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. వెతకమంటే యంత్రం ఒకదాన్ని చూపి, రెండోది లేదంటుంది. మదరసాల పుస్తక జాబితాలు కంప్యూటరులో ఎక్కిస్తున్న యువకులు దీనిని గుర్తుంచుకోవాలి.

పైగా మన పేర్ల వరుస ఒక చిక్కు. ఆంధ్ర ప్రాంతంలో షేక్, సయ్యద్, పఠాన్ అనేవాటిని తెలుగువారి ఇంటిపేరు వలె ముందు రాస్తాము. ఫారములో మొదటి పేరు, చివరి పేరు అని గళ్లు ఉంటాయి. ఆ గళ్లు వేరొక దేశపు అలవాటుకు తయారైనవి. ఒక చోట షేక్ మొదటి గడిలోకి పోతుంది, మరొక చోట చివరి గడిలోకి పోతుంది. ఆడపిల్లల విషయంలో ఇంకా కష్టం. బడిలో ‘బీ’, పెళ్లి తర్వాత ‘బేగం’, బ్యాంకులో భర్త పేరు కలిపి ఇంకొకటి. ఒకే తల్లి నాలుగు కాగితాలలో నలుగురు స్త్రీలు అవుతున్నది. గల్ఫ్‌కు వెళ్లే పిల్లవాడి పాస్‌పోర్టులో ఒక పేరు, ఐటీఐ సర్టిఫికెట్‌లో మరొక పేరు ఉంటే ఎంత తిరగాలో మీలో చాలామందికి అనుభవమే.

ఆధార్ సంఖ్యకు పన్నెండు అంకెలు ఉన్నవి కదా. అందులో చివరి అంకె కేవలం కాపలా కోసం ఉన్నది. వెర్హాఫ్ అనే డచ్ గణితజ్ఞుడు రూపొందించిన పద్ధతి అది. ముందున్న పదకొండు అంకెల నుండి లెక్క కట్టి ఆ పన్నెండోదాన్ని తేలుస్తారు. రాసేటప్పుడు ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా లెక్క కుదరదు, యంత్రం వెంటనే పట్టుకుంటుంది. సంఖ్యకు ఇంత కాపలా పెట్టారు. పేరుకు ఏ కాపలా లేదు. డేటా ఎంట్రీ చేసేవారు ఏది కొడితే అది మన పేరు. కనుక ఆ కాపలా మనమే కాయాలి.

ఎలా కాయాలి? బిడ్డకు జనన ధ్రువపత్రం తీసుకునే రోజునే ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి నిర్ణయించి ఇంట్లో రాసి పెట్టుకోండి. బడిలో చేర్చేటప్పుడు పేరు నోటితో చెప్పవద్దు, ఆ కాగితం ఇవ్వండి. పదవ తరగతి పరీక్షకు ముందు బడిలో నామినల్ రోల్స్ తయారవుతాయి. ఆ జాబితాలో మీ బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు మీ కళ్లతో చూసి రండి. తర్వాత మీసేవలో, బ్యాంకులో, ఈ-పాస్‌లో, జ్ఞానభూమిలో, పాస్‌పోర్టులో అడిగేదంతా ఆ పదవ తరగతి మెమోయే. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఉన్నది. కనుక తొందరపడి మార్పించవద్దు, మెమో ముందు పెట్టుకుని దానికి సరిగ్గా కలిసేటట్లు ఒకేసారి మార్పించండి. ఓటరు జాబితాలో దిద్దుబాటుకు ఫారం 8 ఉన్నది. పెద్దవాళ్ల కాగితాలలో తేడాలు ఇక పోవు అనుకుంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ వద్ద అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. అది అన్ని చోట్లా చెల్లుతుందని చెప్పలేను, కాని చేతిలో ఏ కాగితమూ లేకుండా నిలబడడం కన్న మేలు.

ఇంతవరకూ చెప్పినది యంత్రం ఒక్క అక్షరం తేడాకే కాదనడం. ఈ కష్టం పోగొట్టడానికి మరొక పద్ధతి వచ్చింది. అక్షరాలు పూర్తిగా కలవకపోయినా, పేరు, చిరునామా, వయసు ఎంతవరకు దగ్గరగా ఉన్నాయో చూసి మార్కులు వేస్తుంది. మార్కులు ఒక గీత దాటితే ఇద్దరూ ఒకరే అని తేలుస్తుంది. వినడానికి బాగున్నది. మనకు దీనివలన మేలు జరగాలి కదా? కొన్నిచోట్ల కీడే జరిగింది.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వివిధ శాఖల రికార్డులను ఇలా కలిపి చూస్తుంది. ఫలానా కుటుంబానికి కారు ఉన్నది, భూమి ఉన్నది, ఉద్యోగం ఉన్నది అని గుర్తుపట్టి రేషన్‌కు అనర్హులని చెబుతుంది. హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒక పేద ముస్లిం పేరు, అదే రకం పేరుగల ఒక కారు యజమాని పేరుతో కలిసిపోయింది. ఆ కుటుంబానికి రేషన్ అందలేదు. పాత్రికేయుల పరిశోధనలో ఈ సంగతి బయటపడింది. 2016 తర్వాత రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ వ్యాజ్యాన్ని కోర్టు ముందుకు తీసుకువెళ్లినది హైదరాబాదుకు చెందిన మన సామాజిక కార్యకర్తే.

రద్దయిన కార్డులన్నీ ముస్లింలవి కావు. అన్ని వర్గాల పేదలవీ ఉన్నవి. కాని మన పేర్ల తీరు చూడండి. ముహమ్మద్, సయ్యద్, షేక్, అలీ, అహ్మద్, ఖాన్ అనే కొద్ది మాటలే అటూ ఇటూ మారుతూ లక్షలమందికి పేర్లవుతాయి. ఒక్క మొహల్లాలోనే ఇద్దరు సయ్యద్ అలీలు ఉంటారు, ఇద్దరి తండ్రులూ అహ్మద్‌లే కావచ్చు. కనుక అక్షరం అక్షరం పోల్చే యంత్రం దగ్గర మనం ఒక్కరమే నలుగురం అవుతాము. దగ్గర పోలికలు చూసే యంత్రం దగ్గర నలుగురం ఒక్కరమైపోతాము. దీనికి యంత్రాన్ని తిట్టి లాభం లేదు, దానికి మతం లేదు, ద్వేషం లేదు. మార్కుల గీత ఎక్కడ గీయాలో నిర్ణయించినది మనుషులు. గీత దాటిన వెంటనే, ఇంటికి వెళ్లి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా కార్డు తీసివేయవచ్చని ఒప్పుకున్నదీ మనుషులే. మనం ప్రశ్నించవలసినది వారిని.

ఇలా వరుసగా రాసిన పని విధానాన్ని అల్గారిథమ్ అంటారు. ఆ మాట తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన గణితజ్ఞుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టింది. భారతీయుల అంకెలతో, సున్నాతో లెక్కలు చేయడం మీద ఆయన గ్రంథం రాశారు. అది లాటిన్‌లోకి వెళ్లినప్పుడు ఆయన పేరే ఆ పద్ధతికి పేరయింది. మన పిల్లలకు ఈ చరిత్ర తెలియాలి, నేనూ సంతోషంగానే చెబుతాను. కాని అల్ ఖ్వారిజ్మీ మనవాడని చెప్పుకున్నంత మాత్రాన రద్దయిన కార్డు తిరిగి రాదు. కార్డు పోయిన రోజున చేయవలసిన పని వేరే ఉన్నది. ‘సిస్టంలో రిజెక్టు అయింది’ అనే జవాబుతో ఇంటికి రావద్దు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ శాఖ రికార్డు ఆధారంగా తీసివేశారు, ఏ నిబంధన కింద, ఇంటికి వచ్చి విచారించిన అధికారి ఎవరు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం 30 రోజులలో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. ఫైలు మీద ప్రశ్న రాతలో పడితే దానికి జవాబు రాయడానికి ఒక మనిషి కూర్చోక తప్పదు. ఈ సంగతి బల్లకు అవతలి వైపు ఎన్నో ఏళ్లు కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

వేలిముద్ర కూడా యంత్రానికి సంఖ్యలే. గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అనే గుర్తులను సంఖ్యలుగా రాసుకుంటుంది. మళ్లీ వేలు పెట్టినప్పుడు పోలికకు మార్కులు వేస్తుంది. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టే మన తల్లులకు వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. రేషన్ దుకాణంలో మూడుసార్లు పెట్టినా పడకపోతే అది ఆ తల్లి తప్పు కాదు. వేరే వేలు, కంటిపాప, ఫోనుకు వచ్చే ఓటీపీ వంటి మార్గాలలో ఏది ఉన్నదో డీలరును అడగాలి. ఏదీ లేదంటే ఆ మాటనే కాగితం మీద రాయించుకోవాలి.

ఇక తాళాల సంగతి. రహస్య లిపి అంటే ఒక అక్షరం బదులు మరొకటి రాయడం అని పూర్వం అనుకునేవారు. అల్ కిందీ అనే పండితుడు, ఆయనా తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదువాడే, దానిని ఛేదించే మార్గం చెప్పారు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువగా వస్తాయి. అరబీలో అలిఫ్, లామ్. రహస్య లేఖలో ఎక్కువసార్లు వచ్చిన గుర్తు ఏదో లెక్కపెడితే అది అలిఫ్ కావచ్చునని ఊహించవచ్చు. ఆయన రచన ప్రతి ఇస్తాంబుల్ గ్రంథాలయంలో బయటపడింది. ఆ పాత తాళం అలా బలహీనమని తేలింది కనుకనే ఇప్పటి తాళాలు గణితం మీద నిలబడ్డాయి.

61ని 53తో గుణించమంటే మీ పిల్లవాడు నిమిషంలో 3233 అంటాడు. 3233 ఇచ్చి, ఏ రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే ఇది వచ్చిందో చెప్పమంటే చాలాసేపు కూర్చోవాలి. వందల అంకెలున్న సంఖ్యలతో ఇదే పని పెడితే నేటి కంప్యూటర్లకూ సాధ్యం కావడం లేదు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఈ సూత్రం మీద ఒక తాళం తయారుచేశారు. దానిని అర్థం చేసుకోవడానికి మన మస్జిద్ చందా పెట్టె చాలు. పెట్టె అందరి ఎదుట ఉంటుంది, పైన సందు ఉంటుంది, ఎవరైనా డబ్బు వేయవచ్చు. తీయడానికి తాళం చెవి కమిటీ దగ్గర మాత్రమే ఉంటుంది. మీరు బ్యాంకు వెబ్‌సైటులో రాసినది ఇటువంటి పెట్టెలో పడి వెళుతుంది. దారిలో ఎవరు పట్టుకున్నా చదవలేరు. చిరునామా పక్కన కనిపించే చిన్న తాళం బొమ్మకు అర్థం ఇదే. అది పెట్టె గట్టిదని మాత్రమే చెబుతుంది. పెట్టె పెట్టినవాడు నిజాయితీపరుడని చెప్పదు. మోసగాడు కూడా మంచి తాళం వేసిన పెట్టె పెట్టగలడు. స్కాలర్‌షిప్ వచ్చింది, ఉమ్రాకు తక్కువ ధరకు పంపుతాము అని వచ్చిన లింకులో తాళం బొమ్మ చూసి నమ్మవద్దు. చిరునామా పూర్తిగా చదవండి. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాలలో ఎక్కువభాగం ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తాయి. మధ్యలో ఎక్కడో గవ్ అని ఉండి, చివర మరొకటి ఉంటే అది ప్రభుత్వానిది కాదు.

పాస్‌వర్డును సరైన సంస్థలు ఉన్నది ఉన్నట్లు రాసి పెట్టుకోవు. గోధుమలు పిండి పట్టించినట్లు దానిని ఒక లెక్కలో వేసి, వచ్చిన పిండిని మాత్రమే దాచుకుంటాయి. పిండి నుండి గోధుమలు తిరిగి రావు. మీరు మళ్లీ పాస్‌వర్డు ఇచ్చినప్పుడు దానినీ పిండి పట్టి, రెండు పిండులనూ పోల్చుకుంటాయి. కనుక ‘మీ పాస్‌వర్డు చెప్పండి, సరిచూసుకుంటాము’ అని బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా అడిగితే అది అబద్ధమే. బ్యాంకుకు దానితో పని లేదు.

దొంగలు ఈ తాళాలను పగలగొట్టడం లేదు. అంత గణితం వారికీ రాదు. మన చేతనే తెరిపిస్తున్నారు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గాని పుచ్చుకోవడానికి అక్కరలేదు. ‘పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది’ అన్నవాడు దొంగ. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో, వాహనం చలానా పేరుతో ఏపీకే అనే ఫైలు వస్తున్నది. శుభలేఖ అంటే బొమ్మ గాని, చదివే కాగితం గాని కావాలి. ఏపీకే అంటే ఫోనులో కాపురం పెట్టే ప్రోగ్రాము. దానిని నొక్కి అనుమతులు ఇస్తే మీకు వచ్చే ఓటీపీలు వాడే చదువుకుంటాడు. మామయ్య పంపాడు కదా అని తెరవవద్దు. మామయ్య ఫోను అంతకు ముందే వాడి చేతిలో పడి ఉండవచ్చు. సందేశం ఎవరి నుండి ఎవరికి చేరిందో వరుస తప్పకుండా విచారించి గాని హదీసును స్వీకరించని పండితుల వారసులం మనం. ఆ అలవాటులో పదో వంతు ఫోను విషయంలో పాటించినా చాలు.

వేలిముద్ర సంగతి ఇక్కడ మళ్లీ చెప్పాలి. 2018లో తెలంగాణలోనే ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఇంటర్నెట్‌లో దొరికిన భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుండి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేయించి వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డు దొంగిలిస్తే మార్చుకుంటాము, వేలు మార్చుకోలేము. ఆధార్ వెబ్‌సైటులో గాని, ఎం-ఆధార్ యాప్‌లో గాని బయోమెట్రిక్‌కు తాళం వేసుకునే సౌకర్యం ఉన్నది. వేసుకోండి. అయితే రేషన్‌కు, వేలిముద్రతో తీసుకునే పింఛనుకు ముందుగా ఆ తాళం తీయవలసి ఉంటుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోను తెలిసినవారు లేని వృద్ధులకు ఇది ఇబ్బందే, వారి విషయంలో ఆలోచించి చేయండి. జిరాక్సు ఇవ్వవలసిన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో ముందు అడగండి.

యువకులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కొన్నాళ్లు ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాము’ అని ఎవరైనా అంటే అది ఉద్యోగం కాదు. ఎక్కడో దోచిన డబ్బు మీ ఖాతా గుండా పోతుంది. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వారి ఇంటికే. మన పేరు గల పిల్లవాడి మీద అటువంటి కేసు పడితే దానికి పత్రికలలో, టీవీలలో ఇంకేమేమి మాటలు కలుస్తాయో నేను చెప్పనక్కరలేదు.

ఆ భయాన్నే మరికొందరు దొంగలు వాడుకుంటున్నారు. పోలీసు దుస్తులలో వీడియో కాల్ చేసి, మీ పేరు మీద మాదకద్రవ్యాల పార్సిల్ దొరికింది, ఉగ్రవాద నిధుల కేసు ఉన్నది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాము, కెమెరా ముందు నుండి కదలవద్దు అంటారు. డిజిటల్ అరెస్టు అనేది ఈ దేశపు ఏ చట్టంలోనూ లేదు. విచారణకు హాజరు కమ్మనే పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఫోను పెట్టివేసి, ఇంట్లోవారిని పిలవండి, తెలిసిన వకీలును పిలవండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు, వెంటనే 1930కి ఫోను చేయండి. తొలి గంటలలో చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉన్నది, మరునాడు అది ఏ ఖాతాలో ఉంటుందో ఎవరికీ తెలియదు.

చివరిగా ఫొటోల విషయం. ఫొటో కూడా చిన్న చిన్న చుక్కల వరుస. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత అని ఒక్కొక్క చుక్కకు 0 నుండి 255 వరకు మూడు సంఖ్యలు. సంఖ్యలను ఎత్తి రాస్తే అసలుకూ నకలుకూ తేడా ఉండదు. పూర్వం ఫొటోకు ఒక నెగటివ్ ఉండేది, అది మన దగ్గర ఉంటే ధైర్యం. ఇప్పుడు ఆ ధైర్యం లేదు. మీ ఫోనులో తొలగించినా, ఎవరెవరి ఫోన్లలోకి ఎత్తి రాసుకున్నారో అవన్నీ ఉంటాయి. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరొకసారి, సమాజంలో గొంతు విప్పి మాట్లాడే ముస్లిం స్త్రీల ఫొటోలను వారి సామాజిక మాధ్యమ ఖాతాల నుండి ఎత్తి, వేలం వేస్తున్నట్లు యాప్‌లలో పెట్టారు. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు అందులో ఉన్నారు. వారు భయపడి ఇంట్లో కూర్చోలేదు. ఫిర్యాదులు చేశారు, అరెస్టులు జరిగాయి.

ఆ వార్తలు చూసి మన ఊళ్లో కొందరు తండ్రులు ఆడపిల్లల చేతి నుండి ఫోను లాక్కున్నారు. ఇది నాకు నచ్చలేదు. నేరం చేసినవాడి చేతిలో ఫోను ఉండగా, అన్యాయానికి గురైన పిల్ల చేతిలో లేకుండా చేయడం ఏ న్యాయం? ఆ పిల్ల స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్‌టికెట్, రేపటి ఉద్యోగ ప్రకటన ఆ ఫోనులోనే ఉన్నవి. లాక్కునే బదులు పక్కన కూర్చుని ఖాతా ఎవరికి కనిపించాలో సెట్టింగ్‌లు మార్చండి. రెండంచెల తనిఖీ పెట్టించండి. ఎవరైనా ఫొటోతో బెదిరిస్తే ముందుగా నీ దగ్గరకే వస్తానమ్మా అనే నమ్మకం ఇవ్వండి. బెదిరించిన సందేశాలను చెరిపివేయకుండా దాచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. స్త్రీలపై జరిగిన నేరాలలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే మార్గం కూడా అందులో ఉన్నది.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు పత్రం రాసుకోవడం గురించి, రాసేవాడు న్యాయంగా రాయడం గురించి అని ఆలిములు చెబుతారు. రాత పనినే జీవనంగా చేసుకున్నవాడిని గనుక ఆ మాట నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. ఇప్పుడు రాసేవాడు యంత్రమయ్యాడు.

వచ్చే ఆదివారం జుహర్ నమాజు తర్వాత ఇదే హాలులో ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు, ఇద్దరు విద్యార్థులు కంప్యూటరుతో కూర్చుంటారు. కుటుంబానికి ఒకరు రండి. ఇంట్లో అందరి ఆధార్, పదవ తరగతి మెమో, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఓటరు కార్డు జిరాక్సులు తెచ్చుకోండి. ఒరిజినల్స్ తేవద్దు, పిన్‌లు, ఓటీపీలు ఎవరికీ చెప్పవద్దు, మా పిల్లలు అడగరు. పేర్లు పక్కపక్కన పెట్టి తేడాలు రాసి ఇస్తారు. తల్లులకు వేరుగా గది ఉన్నది. ప్రశ్నలుంటే ఇప్పుడు చీటీలపై రాసి పంపండి, తెలిసినంతవరకు జవాబు చెబుతాను.